ఏ రకం పక్షవాతమో అడగండి

పక్షవాతం వచ్చిన మనిషిని చూడటానికి వెళ్లిన బంధువులు సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు: బీపీ ఉందా, షుగరు ఉందా. ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా కారణం దొరికిందని తృప్తిపడతారు. రెండూ లేవంటే గ్రహచారమనో, గాలి సోకిందనో అనుకుంటూ లేస్తారు. వచ్చింది ఏ రకం పక్షవాతమో మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో ముందుగా అడగవలసింది అదే. పైకి ఒకేలా కనిపించే ఈ జబ్బు లోపల ఐదారు వేర్వేరు జబ్బులు కాబట్టి, ఒకదానికి దారితీసే కారణం ఇంకొకదానికి అంతగా లెక్కలోకి రాకపోవచ్చు, ఒకదాన్ని ఆపే మాత్ర ఇంకొకదాన్ని తెచ్చిపెట్టవచ్చు.

నాకు వైద్యవిద్య లేదు. మా మేనమామకు మెదడులో రక్తస్రావం జరిగి, ఆ తర్వాత మా పెద్దమ్మకు గుండెలో పుట్టిన రక్తపుగడ్డ మెదడుకు చేరి, ఇద్దరికీ కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయిన నాటి నుంచి ఈ విషయం గురించి చదువుతూ, డాక్టర్లను అడుగుతూ వస్తున్నాను. వాళ్లిద్దరి మందుల చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరికి తప్పనిసరిగా రాసిన మాత్ర రెండోవారికి బొత్తిగా పనికిరానిది. "అక్కయ్య వేసుకునే రక్తం పల్చబడే మాత్రే అన్నయ్యకూ ఇస్తే సరిపోదా" అని మా చిన్నమ్మ అమాయకంగా అడిగిన రోజున ఆ చీటీల్లోని తేడా అందరికీ విడమర్చి చెప్పవలసి వచ్చింది.

స్థూలంగా చూస్తే మెదడులోని రక్తనాళం మూసుకుపోవడం ఒక తీరు, అది చిట్లిపోవడం మరొక తీరు. మూసుకుపోయేవాటిలో మళ్లీ మెడలోనో తలలోనో ఉన్న పెద్ద ధమని కొవ్వు పేరుకుని ఇరుకై మూసుకుపోయేవి, మెదడు లోతుల్లోని వెంట్రుకవాసి నాళాలు పూడిపోయేవి, గుండెలో తయారైన గడ్డ రక్తంతోపాటు ప్రయాణించి వచ్చి అడ్డుపడేవి అని మూడు ముఖ్యమైన ఉపజాతులున్నాయి. చిట్లిపోయేవాటిలో మెదడు కణజాలంలోకే రక్తం చిమ్మేది ఒకటి, మెదడును కప్పిన పొరల మధ్య చిమ్మేది మరొకటి. వీటన్నిటికీ పక్కన, మెదడు నుంచి చెడు రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరల్లో రక్తం గడ్డకట్టే రకం ఒకటుంది. దాని గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది చాలా ఉంది, కాబట్టి తర్వాత వివరంగా రాస్తాను.

కారణాలు రకాన్నిబట్టి మారతాయన్న సంగతిని పెద్దయెత్తున చూపించిన అధ్యయనం ఇంటర్‌స్ట్రోక్. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడిన దాని రెండో దశ ఫలితాల్లో 32 దేశాల నుంచి 13,447 మంది రోగులున్నారు. వారిలో 10,388 మందికి నాళం మూసుకుపోయింది, 3,059 మందికి మెదడులో రక్తస్రావమైంది. మార్చుకోగలిగిన పది కారణాలే పక్షవాతం ముప్పులో సుమారు 90 శాతానికి బాధ్యత వహిస్తున్నాయని ఆ అధ్యయనం తేల్చింది. పత్రికలన్నీ ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నాయి. దాని కిందనే ఉన్న రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: ఆ పది కారణాలూ రెండు రకాల మీదా ఒకే బరువుతో పడటం లేదు. అధిక రక్తపోటు రెండింటికీ పెద్ద కారణమే అయినా రక్తస్రావంతో దాని బంధం మరింత గట్టిది. పొగతాగడం, కొలెస్ట్రాల్ లెక్కల్లో తేడా, గుండెజబ్బులు ప్రధానంగా నాళం మూసుకుపోయే రకానికి దారితీస్తున్నాయి. మధుమేహానికి కూడా మూసుకుపోయే రకంతోనే సంబంధం కనిపించింది, రక్తస్రావంతో కనిపించలేదు. అంటే మన బంధువులు అడిగే ఆ రెండు ప్రశ్నలకు జవాబులు కూడా రకం తెలిస్తే తప్ప అర్థవంతం కావు.

రక్తస్రావం రకంలో పెత్తనమంతా బీపీదే. మెదడు అడుగుభాగంలోని పెద్ద ధమనుల నుంచి సన్నని నాళాలు దాదాపు నిటారుగా చీలి లోపలి భాగాలకు వెళ్తాయి. పెద్ద ధమనిలోని ఒత్తిడి ఏ మాత్రం తగ్గకుండానే నేరుగా ఈ సన్నని గోడల మీద పడుతుంది. ఏళ్ల తరబడి అదనపు ఒత్తిడిని భరించిన గోడల్లోని కండర పొర క్షీణించి, ఒకనాడు చిట్లుతుంది. అందుకే బీపీవల్ల జరిగే రక్తస్రావం మెదడు లోతుల్లోని బేసల్ గ్యాంగ్లియా, థాలమస్, మెదడు కాండంలోని పాన్స్, చిన్నమెదడు వంటి చోట్లే ఎక్కువగా జరుగుతుంది. స్కానింగులో రక్తం అక్కడ కనిపిస్తే డాక్టరు మొదట అడిగేది బీపీ గురించే. డెబ్బై దాటినవారిలో రక్తం మెదడు ఉపరితలానికి దగ్గరగా కనిపిస్తే ఆలోచన వేరే దారిలో సాగుతుంది. నాళాల గోడల్లో అమిలాయిడ్ అనే మాంసకృత్తు పేరుకుని అవి పెళుసుబారే జబ్బు ఒకటుంది, అది వయసుతో వస్తుంది, మళ్లీ మళ్లీ రక్తస్రావం చేయగలదు. అలాంటివారికి రక్తం పల్చబడే మందులు రాయడానికి డాక్టర్లు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తారు.

బీపీని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వైద్య చరిత్రకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు. 1937లో ఆయన రక్తపోటు 162/98. 1941 నాటికి 188/105. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయన్ అనే యువ హృద్రోగ నిపుణుడు పరీక్షించేసరికి 186/108, పైగా గుండె బలహీనపడింది. అన్నేళ్లూ ఆయన వ్యక్తిగత వైద్యుడు అధ్యక్షుల వారి ఆరోగ్యం వయసుకు తగ్గట్టుగానే ఉందని ప్రజలకు చెబుతూ వచ్చాడు. 1945 ఏప్రిల్ 12న జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో రూజ్‌వెల్ట్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల వెనుక భరించలేని నొప్పి అని చెప్పి స్పృహ తప్పాడు. ఆ సమయంలో కొలిచిన రక్తపోటు 300/190. కొన్ని గంటల్లో, 63 ఏళ్ల వయసులో, మెదడులో రక్తస్రావంతో మరణించాడు. ఆయన వైద్యులను పూర్తిగా తప్పుపట్టలేము, ఎందుకంటే ఉప్పు తగ్గించడం, విశ్రాంతి తీసుకోమనడం తప్ప వాళ్ల చేతిలో బీపీని దించే సరైన మాత్ర లేదు. క్లోరోథయజైడ్ అనే మాత్ర 1958లో గాని మార్కెట్లోకి రాలేదు. ఈ రోజు మన ఊళ్లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికే అమ్లోడిపిన్ మాత్ర ఆనాడు ప్రపంచంలోకెల్లా శక్తిమంతుడైన మనిషికి దక్కలేదు.

దక్కే రోజుల్లో మనం చేస్తున్నదేమిటంటే, తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇక మాత్ర ఎందుకని మానేస్తున్నాం. మా మేనమామ చేసిందీ అదే. ఒక నెల వేసుకుని, బీపీ మామూలుగా వచ్చిందని తెలియగానే "నార్మల్‌కి వచ్చేసింది కదా" అని ఆపేశారు. అది మాత్రవల్లే మామూలుగా ఉందన్న సంగతి ఆయనకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. 2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో వయోజనుల్లో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. మాత్ర వాడితే వచ్చే లాభం ఎంతో 2001లో ప్రోగ్రెస్ అనే ఔషధ పరీక్ష తేల్చింది. అప్పటికే ఒకసారి పక్షవాతమో, వచ్చి కాసేపట్లో తగ్గిపోయే తాత్కాలిక పక్షవాతమో వచ్చిన 6,105 మందిలో కొందరికి పెరిండోప్రిల్ అనే బీపీ మాత్ర, దానితోపాటు చాలామందికి ఇండాపమైడ్ అనే మరో బీపీ మాత్ర ఇచ్చి చూస్తే మొత్తంమీద రెండోసారి పక్షవాతం 28 శాతం తగ్గింది. రక్తస్రావం రకం మాత్రం సగానికి సగం పడిపోయింది. ఏ రకంలో బీపీ వాటా ఎంతో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

చిట్లే ఆ సన్నని నాళాలే చిట్లకుండా పూడిపోయినా పక్షవాతమే. 15 మిల్లీమీటర్లలోపు ఉండే ఈ చిన్న చిన్న గాయాలకు అధిక రక్తపోటు, మధుమేహం, వయసు ప్రధాన కారణాలు. వీటిలో చాలాభాగం ఏ లక్షణమూ చూపకుండా జరిగిపోతాయి. ఇంకేదో కారణానికి ఎంఆర్ఐ తీసినప్పుడు రిపోర్టులో పాత గాయాలని రాసి ఉంటే ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. ఇవి ఒక్కొక్కటీ పెద్ద నష్టం చేయకపోయినా పదీ పదిహేనూ కలిస్తే నడక పొట్టి అడుగులుగా మారుతుంది, జ్ఞాపకశక్తి మందగిస్తుంది, ముసలితనం అనుకుని ఊరుకుంటాం. ఇండియాబ్ అంచనాలో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందన్నప్పుడు నాకు కళ్లూ కిడ్నీలూ కన్నా ముందు ఈ నాళాలే గుర్తొస్తాయి, ఎందుకంటే కంటికీ కిడ్నీకీ పరీక్షలు రాస్తున్నారు గాని నడక మారిందా అని ఎవరూ అడగడం లేదు.

పెద్ద ధమనుల విషయానికి వస్తే హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం నడిపిన స్ట్రోక్ రిజిస్ట్రీని, అంటే పక్షవాత రోగుల వివరాల పట్టికను, తలచుకోవాలి. నాళం మూసుకుపోయిన రోగులను కారణాన్నిబట్టి విడదీసి 2002లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో పెద్ద ధమనులు ఇరుకవడమే అన్నిటికన్నా ఎక్కువగా, దాదాపు ఐదింట రెండు వంతుల మందిలో, కనిపించింది. అంతకన్నా గమనించదగ్గది ఆ ఇరుకు ఎక్కడుందన్నది. పాశ్చాత్య దేశాల తెల్లజాతివారిలో మెడలోని కెరోటిడ్ ధమని ఎక్కువగా దెబ్బతింటే మనవారిలో పుర్రె లోపలి ధమనులు ఎక్కువగా ఇరుకవుతున్నాయి. దీనివల్ల ఒక ఆచరణాత్మకమైన చిక్కు వస్తుంది: మెడకు డాప్లర్ అనే స్కానింగు తీయించుకుని నార్మల్ అని రాగానే నాళాలన్నీ బాగున్నాయని నిశ్చింతపడకూడదు, లోపలి ధమనులు చూడాలంటే నాళాలను చిత్రంగా చూపే యాంజియోగ్రఫీ చేయవలసిందే. గుండెకు వేసినట్టే అక్కడా స్టెంటు వేస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. 2011లో వెలువడిన శాంప్రిస్ అనే అమెరికా పరీక్షలో పుర్రెలోపలి ఇరుకుకు స్టెంటు వేసినవారిలో 14.7 శాతం మందికి నెలలోపే మళ్లీ పక్షవాతమో మరణమో సంభవిస్తే, కేవలం మందులతో గట్టిగా చికిత్స చేసినవారిలో అది 5.8 శాతమే. కాబట్టి ఈ రకానికి పొగాకు మానడం, చెడు కొలెస్ట్రాల్‌ను స్టాటిన్ మాత్రతో బాగా దించడం, షుగరు, బీపీ అదుపులో పెట్టడమే ఇప్పటికీ అసలు వైద్యం. పొగాకు అంటే సిగరెట్టే అనుకోవడం మన దగ్గర సరిపోదు. ఉత్తర కోస్తాలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లను నోటి క్యాన్సర్ గురించి హెచ్చరిస్తారు గాని, ఆ పొగ నోటి దగ్గరే ఆగిపోదని కూడా చెప్పాలి.

స్టాటిన్ విషయంలోనూ రకం అడ్డుతగులుతుంది. 2006 నాటి స్పార్కల్ పరీక్షలో 4,731 మందిని తీసుకుని సగం మందికి రోజుకు 80 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ ఇస్తే మొత్తం పక్షవాతాలు తగ్గాయి, కాని రక్తస్రావం రకం మాత్రం మాత్ర వేసుకున్నవారిలో 55 మందికీ, వేసుకోనివారిలో 33 మందికీ వచ్చింది. ఈ లెక్క చూసి మూసుకుపోయిన రకం రోగులు స్టాటిన్ మానేయడం తెలివితక్కువతనం. వాళ్లకు లాభమే ఎక్కువ. ఒకప్పుడు రక్తస్రావమైన మనిషికి అదే మాత్రను అదే మోతాదులో రాసేముందు డాక్టరు ఎందుకు తటపటాయిస్తారో మాత్రం దీన్నిబట్టి అర్థమవుతుంది.

మా పెద్దమ్మది గుండెనుంచి వచ్చిన రకం. గుండె పైగదులు క్రమం తప్పి వణికినట్టు కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే రక్తం ఆ గదిలో నిలవ ఉండి గడ్డకడుతుంది, ఆ గడ్డ ఎప్పుడైనా మెదడుకు ఎగిరిపోవచ్చు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాల తరబడి జరిగిన అధ్యయనం దీనివల్ల పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లు పెరుగుతుందని తేల్చింది. అదే ఫిబ్రిలేషన్‌కు రుమాటిక్ జ్వరంవల్ల దెబ్బతిన్న గుండె తోడైతే ముప్పు పదిహేడు రెట్లు. ఆ దేశాల్లో రుమాటిక్ గుండెజబ్బు దాదాపు కనుమరుగైంది, మన దగ్గర కాలేదు. చిన్నతనంలో గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపులు, వాటిని ఎదుగుదల నొప్పులనుకుని వదిలేయడం, ముప్పై నలభై ఏళ్లకు గుండెలోని మైట్రల్ కవాటం ఇరుకై ఆయాసం మొదలవడం: ఇదంతా మా పెద్దమ్మ కథే గాని, ఆమె ఈడు ఆడవాళ్లు ఎందరిదో కూడా. రుమాటిక్ జ్వరం వచ్చి మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించుకోవలసిన పిల్లలకు ఆ సూది క్రమం తప్పకుండా అందేలా చూడటం గుండెకే కాదు, నలభై ఏళ్ల తర్వాతి మెదడుకూ రక్షణే. ఇంకొక మాట. రుమాటిక్ గుండెజబ్బుతో ఫిబ్రిలేషన్ ఉన్న రోగులకు రక్తం పల్చబడే మాత్రల్లో కొత్తగా వచ్చిన ఖరీదైనవే మేలని మెడికల్ షాపులో ఎవరైనా చెబితే నమ్మకండి. 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరీక్షలో, 24 దేశాల రుమాటిక్ గుండె రోగుల్లో, కొత్త తరం రివరాక్సబాన్ కన్నా పాతకాలపు వార్ఫరిన్ వంటి మందులే మెరుగని తేలింది. ఆ పాత మాత్రకు, రక్తం ఎంత పల్చబడిందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేయించుకోవాలి, ఆకుకూరలు ఒక వారం ఎక్కువగా మరో వారం అసలు లేకుండా తినకూడదు. గోంగూర మానేయమని కాదు, రోజూ తినేదాంట్లో పెద్ద తేడా రానివ్వవద్దని.

ఇక సిరల్లో గడ్డకట్టే రకం. ఇది పడుచువాళ్ల జబ్బు. రోజుల తరబడి తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్‌తో మొదలవుతుంది కాబట్టి మొదట్లో పక్షవాతమని ఎవరికీ తట్టదు. బాలింతలకు వచ్చే జబ్బుగానే మన దేశంలో దీనికి పేరు. మంచినీళ్లు తాగనివ్వకుండా పత్యాల పేరుతో బాలింతను ఎండబెట్టే ఆచారం ఇంకా ఉన్న ఇళ్లలో ఆ భయం న్యాయమైనదే, ఎందుకంటే కాన్పు తర్వాతి వారాల్లో రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే ఎక్కువ, నీరు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. అయితే 2012లో నిమ్స్ వారే ప్రచురించిన 428 మంది రోగుల వివరాలు చూస్తే చిత్రం వేరుగా ఉంది. సగటు వయసు 31 ఏళ్లు. రోగుల్లో ఆడవారికన్నా మగవారే కాస్త ఎక్కువ. కారణాల్లో రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరగడం దాదాపు సమానంగా, పద్దెనిమిది శాతం చొప్పున, ముందు వరుసలో ఉంటే ఆ తర్వాత మద్యపానం, గర్భనిరోధక మాత్రలు వచ్చాయి. కాన్పు వాటా పది శాతంలోపే. రక్తం తక్కువగా ఉండటం గడ్డకట్టడానికి దారితీస్తుందంటే వింతగా వినిపిస్తుంది గాని, లెక్కలు చెబుతున్నది అదే. హోమోసిస్టీన్ పెరగడానికి బి12, ఫోలిక్ ఆమ్లం కొరత ఒక ముఖ్య కారణం.

ఈ సందర్భంలో ఒక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ఇంట్లో వ్రతమో, పెళ్లో, తిరుమల ప్రయాణమో ఉందంటే నెలసరి వాయిదా పడటానికి మాత్రలు తెచ్చుకోవడం మన ఇళ్లలో ఎంత మామూలైపోయిందంటే, చీటీ అడిగే మందుల దుకాణం దొరకడమే కష్టం. ఆ మాత్రల్లో ఎక్కువగా ఉండే నోరెథిస్టిరోన్ అంత మోతాదులో తీసుకున్నప్పుడు శరీరంలో కొంతమేరకు ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. రక్తహీనత ఉన్న అమ్మాయి, ఉపవాసం ఉంటూ నీళ్లు కూడా సరిగా తాగకుండా, ఈ మాత్ర వేసుకున్నదంటే మూడు కారణాలు ఒకే వారంలో కలిసినట్టే. చాలామందికి ఏమీ కాదు, నిజమే. ఇంతకుముందు కాలిలోనో మెదడులోనో గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, దగ్గరి రక్తసంబంధీకులకు అలా జరిగినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా వీటిని ముట్టుకోకూడదు. గుడికి వెళ్లే తేదీ మార్చుకోవచ్చు.

ఈ రకానికి ఒక విచిత్రమైన గుణముంది. సిర మూసుకుపోయి వెనుక ఒత్తిడి పెరిగి మెదడులో కొంత రక్తం చిమ్మినా సరే, దీనికి రక్తం పల్చబడే హెపారిన్ సూదులే ఇస్తారు. మా మేనమామ స్కానింగులోనూ రక్తమే కనిపించింది, ఆయనకు ఆ సూది ప్రాణాంతకమయ్యేది. ఫిల్ములో కనిపించే తెల్లటి మచ్చ ఒకటే అయినా, వెనుకనున్న కారణాన్నిబట్టి వైద్యం తలకిందులవుతుంది.

మెదడు పొరల మధ్య జరిగే రక్తస్రావానికి ధమని గోడ ఒకచోట బుడగలా ఉబ్బి పగలడమే ఎక్కువసార్లు కారణం. జీవితంలో ఎన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి ఒక్క క్షణంలో మొదలవడం దీని ఆనవాలు. పొగతాగడం, అధిక రక్తపోటు, అతిగా తాగడం దీనికి దారితీసేవి. ఆడవారిలో కొంత ఎక్కువ. కిడ్నీల్లో నీటితిత్తులు పుట్టే వంశపారంపర్య జబ్బు ఉన్నవారికి, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఇద్దరికి ఇలాంటి రక్తస్రావమైనవారికి ముందుగానే స్కానింగు చేసి చూడటంలో అర్థముంది. మిగతావారు భయంతో స్కానింగులు తీయించుకోనక్కరలేదు.

పడుచువాళ్లలో ఇవేవీ కాని కారణాలు కూడా ఉంటాయి, వాటిని ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. సెలూనులో తలకు మర్దన చేసి చివర్లో మెడను చటుక్కున పక్కకు తిప్పి మెటిక విరిచే అలవాటు ఒకటుంది. వెన్నుపూసల గుండా మెదడుకు వెళ్లే ధమని లోపొర దానివల్ల అరుదుగా చీలి, అక్కడ గడ్డ కట్టి పక్షవాతం రాగలదు. మర్దన వరకు సరే, మెడ తిప్పవద్దని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. ఆదిలాబాదు నుంచి అల్లూరి జిల్లా వరకు గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్న చిన్నపిల్లలకు పక్షవాతం రావచ్చు. పొలంలో రక్తపింజర కాటేస్తే దాని విషం రక్తం గడ్డకట్టే వ్యవస్థనంతా తారుమారు చేస్తుంది కాబట్టి అటు రక్తస్రావమూ కావచ్చు, ఇటు నాళమూ మూసుకుపోవచ్చు. క్షయవల్ల వచ్చే మెదడు పొరల వాపులోనూ నాళాలు దెబ్బతింటాయి. ఎంత వెతికినా కారణం దొరకని రోగులు కూడా ఉంటారు. నిమ్స్ రిజిస్ట్రీలో అలాంటివారు సుమారు నాలుగోవంతు.

రకం తెలియకుండా చేసే పనుల్లో యాస్పిరిన్ మింగించడం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. గుండెపోటు అనుమానం ఉంటే యాస్పిరిన్ నమలమంటారు కాబట్టి, మూతి వంకరపోగానే అదే పని చేయాలని చాలామంది అనుకుంటున్నారు. సీటీ స్కాన్ తీయకుండా, ఎంత అనుభవజ్ఞుడైన డాక్టరైనా సరే, నాళం మూసుకుపోయిందో చిట్లిందో చూపుతో చెప్పలేడు. చిట్లిన మనిషికి రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఆ మాత్ర నష్టమే చేస్తుంది. పైగా మింగడం సరిగా రాని రోగికి నోట్లో ఏది వేసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు ముందుజాగ్రత్తగా రోజూ యాస్పిరిన్ వేసుకోవడం మంచిదా అన్నదానికి కూడా 2018లో జవాబు వచ్చింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధుల మీద జరిగిన యాస్ప్రీ పరీక్షలో వాళ్లకు గుండెజబ్బులు, పక్షవాతం చెప్పుకోదగినంత తగ్గలేదు, తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. ఒకసారి నాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినవారి సంగతి పూర్తిగా వేరు. వాళ్లు యాస్పిరిన్ సొంతంగా మానకూడదు.

మూసుకుపోయే రకానికి ముందు వచ్చే ఒక హెచ్చరికను మనం తేలిగ్గా కొట్టిపారేస్తాం: చెయ్యి పది నిమిషాలు పట్టుతప్పి మళ్లీ మామూలవడం, మాట తడబడి సర్దుకోవడం, ఒక కంటికి తెర పడ్డట్టయి తొలగిపోవడం. తగ్గిపోయింది కదా అని పడుకుంటాం. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలో అత్యవసర విభాగాలకు అలా వచ్చిన రోగులను గమనిస్తే మూడు నెలల్లో పది శాతానికి పైగా మందికి పూర్తి పక్షవాతం వచ్చింది, అందులోనూ సగం మొదటి రెండు రోజుల్లోనే. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో చేసి 2007లో వెలువరించిన ఎక్స్‌ప్రెస్ అధ్యయనం అలాంటివారికి ఆ రోజే చికిత్స మొదలుపెడితే ఆ ముప్పు 80 శాతం తగ్గుతుందని చూపింది. బీపీ, షుగరు, పొగాకు ఏళ్ల తరబడి పనిచేసే కారణాలు. ఈ పది నిమిషాల తిమ్మిరి మాత్రం ఈ వారానికి సంబంధించిన కారణం. తగ్గిపోయినా సరే అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి.

చలికాలం రాగానే ఫోన్లలో తిరిగే ఒక సందేశం ప్రకారం స్నానంలో మొదట తలమీద నీళ్లు పోసుకుంటే పక్షవాతం వస్తుందట, పాదాల నుంచి మొదలుపెట్టాలట. నీళ్లు పోసుకునే వరసకు పక్షవాతంతో సంబంధం ఉందనడానికి రుజువేమీ లేదు. చలికి నాళాలు ముడుచుకుని బీపీ కొంత పెరగడం మాత్రం వాస్తవం. అంతకన్నా ఏడాది పొడుగునా బీపీని పెంచేది మన ఉప్పు. రోజుకు ఐదు గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఊరగాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ ఒకే కంచంలో చేరితే ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది. చైనాలో 600 పల్లెల్లో 20,995 మందితో జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో, మామూలు ఉప్పులో నాలుగోవంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడినవారికి పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అలాంటి ఉప్పు మన బజారులోనూ దొరుకుతోంది. అయితే కిడ్నీలు దెబ్బతిన్నవారిలో పొటాషియం పేరుకుని గుండె ఆగే ప్రమాదముంది. కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. శ్రీకాకుళం ఉద్దానం వంటి చోట్ల, ఎవరి కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియని ఇళ్లలో, ముందు కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టరుతో మాట్లాడాకే ఆ ప్యాకెట్టు కొనాలి. అంతవరకు మామూలు ఉప్పునే తగ్గించి వాడుకోవడం మేలు.